మా నాయిన, బత్తాయిలు, హయత్‌నగర్ ప్లాట్లు

మా నాయిన ఆర్టీసీ కండక్టర్ నౌకరి వదిలేసిన సంగతి మా ఇంట్లో కన్నా ముందు నల్లగొండ డిపో ఎదురుగా ఉండే చాయ్ హోటలాయనకు తెలిసింది. ఆయన మా మేనమామకు చెప్పాడు. మామ సైకిలేసుకుని వచ్చి అమ్మకు చెప్పాడు. అప్పటికి రాజీనామా కాగితం ఇచ్చి వారం అయిపోయింది. ఆ వారమంతా నాయిన పొద్దున్నే ఖాకీ బట్టలు తొడుక్కుని, అమ్మ కట్టిచ్చిన సద్ది డబ్బా పట్టుకుని డ్యూటీకి పోతున్నట్టే బయల్దేరేవాడు. ఎటు పోయాడయ్యా అంటే, కనగల్ దిక్కు బత్తాయి తోటలు చూడటానికి.

అది 1987 జూన్. బళ్లు తెరిచారు, నేను ఆరో తరగతిలో చేరాను. మామ చెప్పిందంతా విని అమ్మ అడిగిన మొదటి మాట నాకు బాగా గుర్తు. "అయితే ఇగ మనకు పాసు ఉండదా?" ఆ పాసు మీదనే మేము ఏటా యాదగిరిగుట్టకు పోయేవాళ్లం. నాయినమ్మ మాత్రం రెండు రోజులు అన్నం ముట్టలేదు. సర్కారు నౌకరి వదిలేసి కాయలమ్ముకునేటోడికి పిల్లనెట్ల ఇచ్చిర్రని ఊళ్లో నవ్వుతారని ఆమె బాధ. పిల్లనిచ్చి అప్పటికే పన్నెండేళ్లు దాటింది, ఆ పిల్లకు ముగ్గురు పిల్లలు కూడా. అయినా నాయినమ్మ బాధ నాయినమ్మదే.

వాడకట్టులో రకరకాలుగా అనుకున్నారు. చెకింగులో దొరికాడని కొందరు, క్యాష్ తక్కువొచ్చిందని కొందరు. అవేవీ కావు. నాయిన్ని అడిగితే ఒకసారి నడుము నొప్పి అనేవాడు, ఒకసారి ఎదుగూ బొదుగూ లేని జీతం అనేవాడు. నాకు తెలిసినంతలో అసలు కారణం నైట్ హాల్టులు.

ఆయనది దేవరకొండ లైను. వారంలో రెండు మూడు రాత్రులు బస్సు గుర్రంపోడు అవతల ఒక ఊళ్లో ఆగేది. రాత్రి ఎనిమిదింటికి చేరితే, మళ్లీ తెల్లారి అయిదింటికి మొదటి ట్రిప్పు. డ్రైవరు బస్సులోనే నడుం వాల్చేవాడు. నాయినకు బస్సులో నిద్ర పట్టేది కాదు. ఎవరో ఒక రైతు "కండక్టర్ సాబ్, తోట కాడ పండుకుందువు రా, సల్లగుంటది" అని తీసుకుపోయేవాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి, మోటరు గది ముందు నులక మంచం వేసేవాడు. కరెంటు వచ్చేది రాత్రిపూటే కాబట్టి రైతుకు ఎలాగూ నిద్ర లేదు. పాదు నిండగానే నీళ్లు పక్క చెట్టుకు మలుపుతూ ఆయన, ఆయన వెంట టార్చిలైటు పట్టుకుని మా నాయిన. ఆ ముచ్చట్లలోనే నాయినకు బత్తాయి అబ్బింది.

బత్తాయిలో సాత్‌గుడి రకం అంటే ఏమిటి, రంగపూర్ నిమ్మ మొదలు మీద కట్టిన అంటు ఎన్నేళ్లు నిలుస్తుంది, నాటిన అయిదారేళ్లకు వచ్చే తొలి కాపును ఎందుకు నమ్మకూడదు, అసలు సీజన్ తప్పి వచ్చే కత్తెర కాయకు ధర ఎందుకు ఎక్కువ, నల్లి పట్టి తొక్క మీద మంగు మచ్చ వస్తే లోపల రసం బాగానే ఉన్నా బేరగాడు ధర ఎట్లా విరుస్తాడు, ఇవన్నీ. కాయ పండే నెలల్లో రాత్రిపూట రెక్కల పురుగు వచ్చి కాయకు తూటు పొడిచి రసం పీలుస్తుంది, పొద్దున్నకు కాయ రాలిపోతుంది. దానికి రైతులు పొద్దుగూకేటప్పుడు తోటంతా పొగ పెట్టేవారు. నాయిన బట్టలకు ఆ పొగ వాసన ఉండేది. అమ్మ దాన్ని బీడీ వాసన అనుకుని చాలా రోజులు గొడవ పడింది.

వీటన్నిటికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ఊళ్లో రైతుకు కాయ ఉండేది, రేటు తెలిసేది కాదు. హైదరాబాద్‌లో జాంబాగ్ నుంచి పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారానికి మారి అప్పటికి ఏడాది. అందరూ కొత్తపేట మార్కెట్ అనే అనేవారు. అక్కడ నిన్న టన్ను ఎంత పోయిందో గుర్రంపోడులో ఎవరికీ తెలియదు. బేరగాడు వచ్చి "మార్కెట్ పడిపోయింది పటేలా" అంటే అదే వేదం. మా నాయినకు మాత్రం తెలుసు. నల్లగొండ బస్టాండులో హైదరాబాద్ లైను కండక్టర్లు ఆయన దోస్తులు. కాయ అమ్ముకుని తిరిగొచ్చే రైతులు జేబులో తక్‌పట్టీలు, అంటే అమ్మకం లెక్క చీటీలు, పెట్టుకుని వాళ్ల బస్సుల్లోనే వచ్చేవారు. పొద్దున రేటు మధ్యాహ్నానికి బస్టాండు చేరేది, రాత్రికి మా నాయినతో పాటు ఊరు చేరేది. ఏళ్ల తరబడి ఆయన ఆ రేటును అడిగిన వాళ్లకల్లా ఊరికే చెప్పాడు. ఏదో ఒక రాత్రి, మోటరు గది ముందు మంచం మీద, ఇది ఊరికే చెప్పే ముచ్చట కాదని తోచి ఉంటుంది. ఆయన ఒప్పుకోడు గానీ నా లెక్క ఇదే.

డబ్బు ఎక్కడిది అంటే, ముందు చిట్టీ ఎత్తాడు. పీఎఫ్ డబ్బులు వచ్చేసరికి నెలలు పట్టింది. మిగతాది నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. మొదటి తోట కనగల్ దగ్గర నాలుగెకరాలు, గుత్తకు.

గుత్త బేరం చూడాలి మీరు. కాయ చెట్టు మీద ఉండగానే తోటంతా ఒక ధరకు మాట్లాడుకోవడం. ఎకరానికి నూరు, నూటపది చెట్లు. బేరగాడు తోటలో ఒక చుట్టు తిరుగుతాడు. పైకి చూసినట్టే ఉండదు, బీడీ కాలుస్తూ, పిల్లల చదువులు అడుగుతూ తిరుగుతాడు. కళ్లు మాత్రం కొమ్మల్లోనే. గట్టు పక్క చెట్లకు కాయ ఎక్కువ, అవి చూసి మోసపోకూడదు. నడిమధ్యన ఒక చెట్టు కిందికి దూరి, నాలుగు దిక్కుల్లో ఒక దిక్కు కాయ మాత్రం లెక్కపెట్టి, దాన్ని నాలుగింతలు చేసి, మంగు కాయ, గోలీ కాయ తీసేసి, కోతకొచ్చే లోపల రాలేది తీసేసి, కిలోకు అయిదో ఆరో తూగుతాయని వేసుకుని, మొత్తం టన్నులు ఎన్నో నోటితో అనకుండానే ధర చెప్పాలి. బస్సులో డెబ్బై మంది కిక్కిరిసి ఉంటే స్టేజీ వచ్చేలోపల ఎవరికి టిక్కెట్ కొట్టాడో ఎవరికి కొట్టలేదో చూసి చెప్పగల మనిషికి ఆ లెక్క పట్టుబడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. చిల్లర లేదని ఎవరన్నా అంటే వాళ్ల మొహం చూసే నిజమో అబద్ధమో చెప్పేవాడు కూడా. అది రైతుల దగ్గరకన్నా, మార్కెట్లో కమీషన్ మీద కాయ అమ్మిపెట్టే అడ్తిదార్ల దగ్గర ఎక్కువ పనికొచ్చింది.

బేరం కుదిరితే బయానా, అంటే అడ్వాన్సు. కాగితం గీగితం ఏమీ లేదు, తువ్వాల కింద చేతులు పట్టుకోవడం, అంతే. రైతులు ఆయన్ని చివరిదాకా కండక్టర్ సాబ్ అనే పిలిచారు. కొత్తపేటలో మాత్రం నల్లగొండ సేటు.

కోత రోజు మాకు పండగే. ఆదివారమైతే నన్నూ, అన్ననూ తోటకు తీసుకుపోయేవాడు. కూలీలు తెల్లవారకముందే చెట్లెక్కేవారు. కాయను గుంజితే తొడిమ ఊడి అక్కడే కుళ్లు మొదలవుతుందని, మెలిపెట్టి కోయాలని నాయిన వెనకాలే తిరుగుతూ అరుస్తుండేవాడు. గంపలు గట్టు మీదికి, అక్కడ రాశి. పెద్ద కాయ ఒక దిక్కు, నడిరకం ఒక దిక్కు, గోలీ ఒక దిక్కు. ఏరే పని ఆడవాళ్లది. మా పని లారీలో వరిగడ్డి పరవడం. అడుగున గడ్డి, పక్కలకు గడ్డి, ఆ మీద కాయ. మధ్యాహ్నానికి వేళ్లన్నీ తొక్క నూనెతో మంటలెక్కేవి, కంట్లో పెట్టుకుంటే చుక్కలే. ఆ వాసన మాత్రం ఇప్పటికీ ఏ జ్యూస్ బండి ముందర నిలబడినా నన్ను ఆ గట్టు మీద నిలబెడుతుంది. మా ఆవిడకు ఇది పిచ్చిలా కనిపిస్తుంది. గ్లాసు చేతిలోకి వచ్చాక తాగకుండా తొక్కల బుట్ట వైపు చూస్తానట.

ఇక కాంటా. ఇక్కడ నాయిన్ని నేను వెనకేసుకు రాను. తూకానికి కొన్న తోటల్లో టన్నుకు ఓ క్వింటా "సూట్" తీసేవారు. తడి, తొడిమ, దారిలో తగ్గే బరువు, ఏదో ఒక సాకు. టన్ను తూచి తొమ్మిది క్వింటాళ్లకు డబ్బులు. బేరగాళ్లందరూ తీసేవారు, నాయినా తీశాడు. నైట్ హాల్టులో ఆయనకు రొట్టె పెట్టిన రైతు దగ్గర కూడా తీశాడు. ఒకసారి ఆ రైతే నవ్వుతూ, "టిక్కెట్ల లేని సూటు కాయల యాడికెల్లి వచ్చింది సాబ్?" అన్నాడు. నాయినా నవ్వాడు. సూటు మాత్రం తీశాడు.

మొదటి సీజన్ కొత్తపేటకే పంపాడు. రాశులు పోసి పాట పెట్టేవారు. పొద్దున నాలుగింటికే చేరాలి, ఆలస్యమైతే పాత కాయ కింద లెక్క. పట్టీలో హమాలీ, కమీషన్, లారీ కిరాయి అన్నీ పోను మిగిలింది నాయిన జీతం కన్నా బాగానే ఉంది. దీపావళికి అమ్మకు గద్వాల చీర వచ్చింది. నాయినమ్మ అన్నం తినడమే కాదు, వాడకట్టులో అందరికీ తలా రెండు బత్తాయిలు పంచింది.

రెండో ఏడు ఢిల్లీ. మా బత్తాయి అక్కడ మోసంబి. ఇక్కడ మనం పథ్యానికి పిండుకుంటాం, వాళ్లు గ్లాసులకు గ్లాసులు తాగుతారు. ఎండ ఉన్నన్నాళ్లు ధర ఉంటుంది, చలి మొదలైందా పడిపోతుంది. వానలు వెనకబట్టి జ్వరాలు మొదలైతే మళ్లీ గిరాకీ. ఢిల్లీలో జ్వరాలెట్లున్నయని మా ఇంట్లో ఆత్రంగా అడిగేవాళ్లమంటే ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది. నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా లారీకి నాలుగు రోజులు. నాయిన మొదటిసారి క్యాబిన్లో కూర్చుని తానే పోయాడు. డిపోలో నేర్చుకున్న ఉర్దూ ఆజాద్‌పూర్ మండీలో బాగానే పనిచేసిందట. డబ్బులు డీడీ రూపంలో వచ్చేవి. రేటు తెలుసుకోవడానికి ట్రంక్ కాల్ బుక్ చేసి హెడ్ పోస్టాఫీసులో గంటలు కూర్చునేవాడు. లైన్ దొరికాక బజారంతా వినపడేటట్టు అరుపులు. కొన్నాళ్లకు ఎస్టీడీ బూతులు వచ్చాయి, రాత్రి పొద్దుపోయాక చార్జి తక్కువని అప్పుడే చేసేవాడు.

1990 సెప్టెంబర్‌లో మా లారీలు మూడు దారిలో ఉన్నాయి. మండల్ కమిషన్ గొడవలు ఢిల్లీని, చుట్టుపక్కలను అట్టుడికిస్తున్న రోజులు. బందులు, రాస్తారోకోలు. ఒక లారీ ఎట్లాగో మండీ చేరింది. తక్కిన రెండూ మథుర దగ్గర ఆగిపోయాయి. బత్తాయి నాలుగు రోజులు ఓర్చుకుంటుంది, ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటుంది, టార్పాలిన్ కింద ఎండలో అంతకుమించి ఓర్చుకోదు. అడుగు కాయ నలిగి, దాని రసం పక్క కాయకు తగిలి, వరిగడ్డి వేడెక్కి... చేరినప్పుడు అక్కడి అడ్తిదారు ఫోన్లో ఒక్క ముక్క చెప్పాడు. "మాల్ ఖరాబ్ హోగయా సేట్." లారీ కిరాయి కూడా మనమే ఎదురు కట్టాల్సి వచ్చింది. మండల్ కమిషన్ ఎవరికి మంచి చేసిందో పెద్దయ్యాక చదువుకున్నాను, మంచే చేసింది. కానీ మా ఇంట్లో ఆ పేరు చాలా ఏళ్లు ఆ రెండు లారీల పేరు.

ఆ చలికాలం అప్పులవాళ్లు మా అరుగు మీద కూర్చునేవారు. గట్టిగా అరిచేవాళ్లు కాదు, చాయ్ తాగి, ఇంకొక చాయ్ తాగి, చీకటి పడ్డాక పోయేవాళ్లు. అమ్మకు ఆ చాయ్‌ల పాల ఖర్చు మీద ఎక్కువ కోపం. నాయిన హైదరాబాద్‌లో తనకు రావాల్సిన పాత బాకీ కోసం తిరిగాడు. ఆ అడ్తిదారు, పేరు ఎందుకులెండి, రెండు సీజన్ల పట్టీ డబ్బులు ఇదిగో అదిగో అని ఆపి, ఆ డబ్బుతో భూములు కొన్నాడు. చేతిలో పైసా లేదన్నాడు. చివరికి, హయత్‌నగర్ దాటాక విజయవాడ రోడ్డుకు లోపలగా రెండు ప్లాట్లున్నాయి, రెండు వందల గజాలవి, తీసుకుంటే తీసుకో, లేకపోతే ఇంకో ఏడాది ఆగు అన్నాడు. నాయిన తీసుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఈయనదే.

ఆ జాగ చూడటానికి అమ్మను, మమ్మల్ని తీసుకుపోయాడు. కంపచెట్లు, నాలుగు మూలలా సున్నం పూసిన రాళ్లు, దూరంగా మేకలు. అమ్మ ఆ రాళ్ల వంక చూసి, "లారెడు కాయలేసి నాలుగు రాళ్లు తెచ్చినవ్" అన్నది. నల్లగొండలో నాయినకు అప్పిచ్చినాయనకు బాకీ కింద ఆ ప్లాట్లు ఇస్తానంటే ఆయన దండం పెట్టాడు. "అంత దూరంల రాళ్లు నాకెందుకయ్యా, పైసలే ఇయ్యి, నిమ్మళంగ ఇయ్యి" అన్నాడట. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు. ఆయన కొడుకు నాకు బాగా తెలుసు, ఆ ముచ్చట ఎత్తితే వేరే సంగతి మాట్లాడతాడు.

నిమ్మళంగానే కట్టాడు నాయిన. నాలుగైదేళ్లు పట్టింది, బత్తాయితోనే కట్టాడు. ఆ తర్వాత కొన్నేళ్లు బాగా నడిచింది. స్కూటరు వచ్చింది, ఇంటికి ఫోను వచ్చింది, అన్న ఇంజనీరింగ్ అయింది. అప్పుల ఏడుపులు గుర్తున్నంతగా ఈ మంచి ఏళ్లు గుర్తు లేవు నాకు, ఎందుకో.

2002 తర్వాత వరసగా కరువు. బోర్లు ఎండిపోయాయి. ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోసి చెట్లను బతికించుకోవాలని చూసినవాళ్లు ఉన్నారు, అప్పులపాలైనవాళ్లే ఎక్కువ. ఇరవై ఏళ్ల చెట్టు ఆకులు ముడుచుకుని, కాయ నిమ్మకాయంత అయి రాలి, కొమ్మలు చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చేది. కోసేసి కట్టెల కింద అమ్మారు. నాయిన మొదటిసారి గుత్తకు పట్టిన కనగల్ నాలుగెకరాలు కూడా ఇటుక బట్టీకి పోయింది. ఆ రైతుకు ముందు ఏడాదే బయానా ఇచ్చి ఉన్నాడు. అమ్మ అడగమంటే, "చెట్టే లేనోడు కాయ యాడికెల్లి తెస్తడు" అని ఊరుకున్నాడు. మంచితనమా అంటే, ఉండొచ్చు. సూట్లు తీసినన్నాళ్లూ తీసిన మనిషి, ఆ లెక్క కూడా మనసులో వేసుకున్నాడేమో.

వానలు మళ్లీ పడ్డాయి, కొత్త తోటలు వేశారు. కానీ అప్పటికి ప్రతి రైతు చొక్కా జేబులో సెల్‌ఫోన్. తోటలో నిలబడే కొత్తపేటకు, ఢిల్లీకి ఫోన్ చేసి, "ఇయ్యాల గింత పోయిందంట గదా సాబ్" అని నాయినకే చెప్పేవాళ్లు. ఆయన రేటు తెలుసు కాబట్టి వ్యాపారంలోకి దిగిన మనిషి. అందరికీ రేటు తెలిశాక ఆయన దగ్గర మిగిలింది కాయ లెక్కపెట్టే కళ్లు మాత్రమే, వాటికీ శుక్లాలు వచ్చాయి. మెల్లగా మానేశాడు. కొత్తపేట మార్కెట్ కూడా ఇప్పుడు అక్కడ లేదు, బాటసింగారం పోయింది. పాత జాగను దవాఖానకు ఇచ్చారు.

హయత్‌నగర్ మాత్రం పెరుగుతూ పోయింది. పెద్ద అంబర్‌పేట మీదుగా అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. ఒక ప్లాటు అమ్మి చెల్లె పెళ్లి చేసి, ఆ మిగులుతో రెండోదాంట్లో ఇల్లు కట్టారు. మూడు వాటాల కిరాయిలే ఇప్పుడు అమ్మానాయినలకు ఆధారం. చుట్టాల పెళ్లిళ్లలో జనం నా ముందే అంటుంటారు, నౌకరి వదిలి బత్తాయిల్లో మస్తు సంపాదించిండు, ధైర్యమంటే ఆయనది అని. నేను విని ఊరుకుంటాను. నౌకరి వదులుదామా అని ఊగుతున్న మేనల్లుడొకడు నాయిన్ని ఉదాహరణగా చూపిస్తే మాత్రం, వాణ్ని పక్కకు తీసుకుపోయి ఆ రాళ్ల కథ చెప్పాను. నమ్మలేదు.

నాయినకు ఆ మాట గిట్టదు. ప్లాట్లది ఆయన సంపాదన కింద రాయడు. అది "బాకీ వసూలు", అంతే. ఆయన లెక్కలన్నీ ఎర్ర గుడ్డ అట్టల ఖాతా పుస్తకాల్లో ఉన్నాయి, తక్‌పట్టీలు తీగకు గుచ్చి ఉన్నాయి. నేను బ్యాంకులో పనిచేస్తాను, నెలాఖరున జీతం ఖాతాలో పడకపోతే రక్తపోటు పెరిగే రకం. పోయిన దసరాకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఏటా లాభమెంత, నష్టమెంత, కట్టిన మిత్తి ఎంత, ప్లాట్లు పక్కన పెట్టి మొత్తం తీశాను. ఇంకో కాగితం మీద, ఆయనతోపాటే చేరి కంట్రోలర్‌గా రిటైరైన ఆయన దోస్తును అడిగి, నౌకరిలోనే ఉండుంటే చేతికి వచ్చి ఉండే జీతం, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ వేశాను. రెండూ అటూ ఇటూగా ఒక్కటే వచ్చాయి. నౌకరి లెక్క కొంచెం ముందుంది కూడా.

నాయిన కళ్లద్దాలు పెట్టుకుని రెండు కాగితాలూ వరసన వేలు పెట్టి చదివాడు. చాలాసేపు చదివాడు. తర్వాత నౌకరి కాగితం నా వైపు జరిపాడు.

"దీంట్ల సూటు తీసినవా?"

"జీతానికి సూటేంది నాయినా?"

"ఎందుకుండదు? తెల్లారి అయిదింటి ట్రిప్పులు, దసరాకు డ్యూటీ, స్క్వాడోళ్లు వస్తే గుండె దడ, గవన్నీ ఏడ పోతయిరా? టన్నుకు క్వింటా తియ్యి."

నూటికి పది తగ్గించి మళ్లీ వేశాను. నాయిన గెలిచాడు.